స్విఫ్ట్‌యూఐలో మెటల్ బొమ్మ: స్లైడర్ ముట్టుకుంటే చాలు, తడబడుతోంది

తరంగరేఖ (ప్రశ్న)

గ్రాఫిక్స్ నా వృత్తి కాదు. నేను శబ్దం మనిషిని. ప్రోగ్రాములు రాయడం అవసరం కొద్దీ పట్టుబడిన పని. తప్పులు కనబడితే మొహమాటం లేకుండా చెప్పండి.

మైకు నుంచి వచ్చే శబ్దాన్ని అప్పటికప్పుడే స్పెక్ట్రోగ్రామ్‌గా చూపించే ఐఫోన్ యాప్ ఒకటి రాస్తున్నాను. అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం, తీవ్రతను బట్టి రంగు. బొమ్మ ఎడమకు జరుగుతూ ఉంటే కుడి అంచున కొత్త వరస పుడుతూ ఉంటుంది. సెకనుకు 48,000 నమూనాలు వస్తాయి. 2048 నమూనాలకు ఎఫ్ఎఫ్‌టీ (శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడదీసే లెక్క) చేయడం, 512 నమూనాలు ముందుకు జరగడం, మళ్లీ చేయడం. అలా సెకనుకు దాదాపు 94 నిలువు వరసలు, వరసకు 1024 గడులు. వీటిని 1024 × 1024 టెక్స్చర్‌లో (జీపీయూ, అంటే గ్రాఫిక్స్ చిప్, చదివే గడుల పట్టికలో) గానుగెద్దులా తిరుగుతూ రాస్తాను: చివరి వరస నిండగానే మళ్లీ మొదటి వరస మీదికి. గడికి 2 బైట్లు, మొత్తం 2 మెగాబైట్లే. షేడర్ (జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రాము) ఒక్కో గడి విలువను తీసుకుని 256 రంగుల పట్టీలో చూసి చుక్కకు రంగు వేస్తుంది.

బొమ్మ గీసేది మెటల్ (జీపీయూతో నేరుగా గీయించే యాపిల్ సాధనం), దాని వ్యూ అయిన ఎంటీకేవ్యూలో. మిగిలినవన్నీ, అంటే రికార్డు బటను, తీవ్రత స్లైడర్లు, పక్కన హెర్ట్జ్ అంకెలు, స్విఫ్ట్‌యూఐ (బటన్లు, స్లైడర్ల వంటి తెరలు కట్టే యాపిల్ సాధనం). రెండింటినీ యూఐవ్యూరెప్రజెంటబుల్‌తో అతికించాను. విడివిడిగా రెండూ బంగారంలా ఉన్నాయి. కలిపాక నరకం.

స్లైడర్ కదిపితే బొమ్మ కుదుపులతో నడుస్తుంది, స్లైడర్ కూడా వేలికి వెనకబడుతుంది. రికార్డు బటను నొక్కగానే అప్పటిదాకా గీసిన చరిత్ర అంతా మాయమై నల్లని తెర మిగులుతుంది. రంగులు చూస్తే ఎండకు వెలిసిన గుడ్డలా ఉన్నాయి. అదే పట్టీతో కంప్యూటర్‌లో గీస్తే ముదురుగా, చక్కగా వస్తున్నాయి.

నా కోడు మాటల్లో చెప్పాలంటే: ఆడియో నుంచి కొత్త వరస రాగానే మెయిన్ థ్రెడ్‌కు (తెర పనులన్నీ ఒకదాని తర్వాత ఒకటి నడిచే దారికి) పంపి ఒక పబ్లిష్డ్ చరరాశిలో (మారగానే స్విఫ్ట్‌యూఐకి కబురు పెట్టేదానిలో) పెడతాను. దాన్ని చూసి అప్‌డేట్‌యూఐవ్యూ (బొమ్మ వ్యూను తాజా చేసే ఫంక్షన్) నడుస్తుంది. అందులో రెండరర్ (గీసే పని చేసే) వస్తువును తయారుచేసి, వరసను కోఆర్డినేటర్‌లో (వ్యూ వెంట ఉండే సహాయక వస్తువులో) ఉన్న టెక్స్చర్‌లోకి ఎక్కించి, గీయమంటాను. రెండరర్‌ను ఒక గ్లోబల్ చరరాశిలో దాచాల్సి వచ్చింది. లేకపోతే తెర నల్లగానే ఉంటోంది, ఎందుకో తెలియదు. స్విఫ్ట్‌యూఐకి, మెటల్‌కు జాతకాలు కలవవా, లేక నేనే తప్పుగా ముడిపెట్టానా?

చుక్కచుక్క

జాతకాల సంగతి తర్వాత. ముందు ఒక పని చేయండి. బాడీలో (తెరను వర్ణించే భాగంలో) ఒక ప్రింటు, మేక్‌యూఐవ్యూలో (బొమ్మ వ్యూను పుట్టించే ఫంక్షన్‌లో) ఒకటి, అప్‌డేట్‌యూఐవ్యూలో ఒకటి పెట్టి పది సెకన్లు నడపండి. ఏది ఎన్నిసార్లు వచ్చిందో ఇక్కడ రాయండి. ఇంకొక సంగతి: మీ బాడీలో రికార్డింగ్ జరుగుతుంటే ఒక రకంగా, లేకపోతే మరొక రకంగా అని ఇఫ్–ఎల్స్ ఏమైనా ఉందా?

తరంగరేఖ

పది సెకన్లలో బాడీ ఆరువందల చిల్లర సార్లు. అప్‌డేట్‌యూఐవ్యూ కూడా అంతే. మేక్‌యూఐవ్యూ మాత్రం రికార్డు బటను నొక్కిన ప్రతిసారీ ఒకసారి. అది యాప్ తెరిచినప్పుడు ఒక్కసారే వస్తుందని అనుకున్నాను.

ఇఫ్–ఎల్స్ ఉంది. రికార్డింగ్‌లో ఉన్నప్పుడు బొమ్మ చుట్టూ ఎర్ర అంచు వేస్తాను, లేనప్పుడు వేయను. రెండు కొమ్మల్లోనూ ఉన్నది అదే స్పెక్ట్రోగ్రామ్ వ్యూ. మీకెలా తెలిసింది?

చుక్కచుక్క

ఎలా తెలిసిందంటే, నేనూ ఒకప్పుడు అదే రాశాను కాబట్టి.

చరిత్ర మాయం కావడంతో మొదలుపెడదాం. ఇఫ్ కొమ్మలో ఉన్న వ్యూ, ఎల్స్ కొమ్మలో ఉన్న వ్యూ మీ కంటికి ఒకటే, స్విఫ్ట్‌యూఐకి కాదు. అది వ్యూను పేరుతో గుర్తుపట్టదు, అది కూర్చున్న చోటును బట్టి గుర్తుపడుతుంది. కొమ్మ మారితే పాత వ్యూ చనిపోయినట్టు, కొత్తది పుట్టినట్టు. పాత ఎంటీకేవ్యూ పోతుంది, కోఆర్డినేటర్ పోతుంది, దానితోపాటు టెక్స్చర్ పోతుంది. మామూలు బటనుకు ఇలా జరిగినా ఎవరికీ పట్టదు, మళ్లీ గీసుకుంటుంది. మీ బొమ్మకు జ్ఞాపకం ఉంది కాబట్టి దెబ్బ తగిలింది. ఇఫ్ తీసేసి వ్యూను ఒకేచోట ఉంచండి. ఎర్ర అంచును ఓవర్‌లేగా (పైన పరిచే పొరగా) పెట్టి, రికార్డింగ్ లేనప్పుడు దాని మందం సున్నా చేయండి.

ఇక కుదుపులు. యూఐవ్యూరెప్రజెంటబుల్ అని మీరు రాసే స్ట్రక్ట్ ఉందే, అది తెరమీది అసలు వ్యూ కాదు. ఒక చీటీ. "ఇలాంటి బొమ్మ కావాలి, తీవ్రత ఇంతనుంచి ఇంతవరకు, జూమ్ ఇంత" అని రాసిన చీటీ. స్విఫ్ట్‌యూఐ దాన్ని సెకనుకు ఎన్నిసార్లయినా రాస్తుంది, చింపేస్తుంది. అందుకే చీటీ చవకగా ఉండాలి. పనివాడు వేరు: పరికరం, కమాండ్ క్యూ, పైప్‌లైన్ స్టేట్, టెక్స్చర్లు అన్నీ దగ్గర పెట్టుకుని చాలాకాలం బతికే మనిషి. అతని ఇల్లు కోఆర్డినేటర్. మీరు చేస్తున్నది చీటీ వచ్చిన ప్రతిసారీ పాత పనివాడిని పంపేసి కొత్తవాడిని పెట్టుకోవడం. పైప్‌లైన్ స్టేట్ తయారీ అంటే షేడర్‌ను ఆ జీపీయూ భాషలోకి మార్చే పని. యాప్ మొదలైనప్పుడు ఒకసారి చేసి దాచుకోవలసినది. మీ దగ్గర ఉన్నది ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. అందులో ఇదీ జరగాలి, స్లైడరూ కదలాలి, బాడీ మొత్తం మళ్లీ లెక్క తేలాలి. అన్నీ ఒకే మెయిన్ థ్రెడ్ మీద.

నల్లతెర రహస్యం కూడా ఇక్కడే ఉంది. ఎంటీకేవ్యూ తన డెలిగేట్‌ను (గీసే పని అప్పగించిన వస్తువును) వీక్‌గా, అంటే బతికించి ఉంచకుండా, పట్టుకుంటుంది. రెండరర్‌ను ఇంకెవరూ గట్టిగా పట్టుకోకపోతే అది ఆ క్షణమే పోతుంది, గీసేవాడే ఉండడు. గ్లోబల్ చరరాశి దాన్ని బతికించింది గాని తప్పు దారిలో. మేక్‌కోఆర్డినేటర్‌లో రెండరర్‌ను తయారుచేయండి, మేక్‌యూఐవ్యూలో దాన్నే డెలిగేట్‌గా ఇవ్వండి. అప్‌డేట్‌యూఐవ్యూలో మిగలవలసినవి మూడు నాలుగు కేటాయింపులే: కనిష్ఠ తీవ్రత, గరిష్ఠ తీవ్రత, జూమ్. గీయమని అక్కడ అడగవద్దు.

అన్నిటికంటే పెద్ద మార్పు: ఆడియో వరసలను స్విఫ్ట్‌యూఐ గుమ్మం తొక్కనివ్వకండి. నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. వేలు మార్చేది స్టేట్‌లో ఉండాలి. గడియారం మార్చేది రెండరర్‌లో ఉండాలి. స్లైడర్ విలువ వేలు మారుస్తుంది, అది స్టేట్. సెకనుకు 94 సార్లు వచ్చే వరసను ఏ వేలూ మార్చడం లేదు. దాన్ని పబ్లిష్డ్‌లో పెడితే, "కొత్త వరస వచ్చింది, బటన్లన్నీ మళ్లీ ఆలోచించుకోండి" అని ఊరంతా దండోరా వేసినట్టే. వరసలను తాళంతో కాపాడిన చిన్న క్యూలోకి ఆడియో వైపు నుంచి వేయండి. రెండరర్ తన గీసే వంతు వచ్చినప్పుడు ఆ క్యూ ఖాళీ చేసుకుని టెక్స్చర్‌లోకి ఎక్కించుకుంటుంది. 60 ఫ్రేముల తెరమీద వంతుకు ఒకటో రెండో వరసలు దొరుకుతాయి.

ఆడియో ట్యాప్ (మైకు శబ్దం అందే చోటు), రెండరర్ రెండింటికీ ఆ క్యూ ఒక్కటే ఉండేలా చూడండి. దాన్ని చీటీలో లెట్‌గా (మారని విలువగా) పంపితే చాలు, అబ్జర్వ్ చేయనక్కర్లేదు (మార్పుల కోసం కాపలా కాయనక్కర్లేదు).

పాతకాపు

అసలు మెటల్ ఎందుకండీ? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రంలా ఉంది. ఐఓఎస్ 15తో, అంటే 2021లో, కాన్వాస్ (స్విఫ్ట్‌యూఐలోనే బొమ్మలు గీసే వ్యూ), టైమ్‌లైన్‌వ్యూ (వేళ ప్రకారం మళ్లీ గీయించే వ్యూ) వచ్చాయి. ఐఓఎస్ 17 నుంచి కలర్‌ఎఫెక్ట్, లేయర్‌ఎఫెక్ట్ ఉన్నాయి. మెటల్ షేడర్ ఒక్కటి రాసి ఏ స్విఫ్ట్‌యూఐ వ్యూకైనా తగిలించవచ్చు. పరికరం, క్యూ, డ్రాయబుల్ (గీసిన ఫ్రేమును తెరకు పంపే వస్తువు) అనే సంతంతా తప్పుతుంది.

తరంగరేఖ

మొదట కాన్వాస్‌తోనే మొదలుపెట్టానండీ. తెరమీద వెయ్యి వరసలు, వరసకు 1024 గడులు అంటే పది లక్షలకు పైగా చిన్న చతురస్రాలు, ప్రతి ఫ్రేముకూ. ఫోను వేడెక్కింది, బొమ్మ కదలలేదు. కలర్‌ఎఫెక్ట్ ప్రయత్నించలేదు.

చుక్కచుక్క

పాతకాపు గారి ప్రశ్న సబబైనదే. బొమ్మ ప్రతి ఫ్రేములోనూ స్టేట్‌నుంచి మొత్తంగా పుట్టుకొచ్చేదైతే, ఉదాహరణకు అలల మెరుపు, గ్రేడియెంట్, రంగు మార్పు, కలర్‌ఎఫెక్ట్ చాలు. నేనూ అదే వాడతాను. ఇక్కడ తేడా ఏమిటంటే బొమ్మకు గతం ఉంది. పది సెకన్ల చరిత్ర జీపీయూ దగ్గర ఉండిపోవాలి, ఫ్రేముకు రెండు వరసలు మాత్రమే కొత్తగా చేరాలి. కలర్‌ఎఫెక్ట్‌కు ప్రతిసారీ ఇమేజి అందించాలంటే 2 మెగాబైట్లనూ మళ్లీ మళ్లీ మోసినట్టే. టెక్స్చర్ మన చేతిలో ఉండి తీరాలి.

అక్షాల గీతలు, అంకెలు మాత్రం మెటల్‌లో గీయవద్దు. అక్షరాలు గీయడం అనే ఊబిలో దిగితే బయటికి రారు. జెడ్‌స్టాక్‌లో (వ్యూలను ఒకదానిమీద ఒకటి పేర్చేదానిలో) బొమ్మ కింద, కాన్వాస్ పైన.

తెరవెనుక

నాది క్యూట్ (తెరలు కట్టే మరో సాధనం) ప్రపంచం, స్విఫ్ట్ కాదు. అయినా కథ అచ్చం ఇదే కాబట్టి చెబుతున్నాను. కొలతల పరికరం ఒకదానికి క్యూఎంఎల్‌లో (క్యూట్ తెరలు రాసే భాషలో) తెర, దాని మధ్యలో పాత ఓపెన్‌జీఎల్ (మెటల్ లాంటి పాత గ్రాఫిక్స్ సాధనం) గ్రాఫు పెట్టవలసి వచ్చింది.

క్యూట్ క్విక్‌లో గీసేది వేరే థ్రెడ్. గూయీ థ్రెడ్‌లో క్యూఎంఎల్ విలువలు మారుతూ ఉంటే, రెండర్ థ్రెడ్ పక్కన గీస్తూ ఉంటుంది. రెండూ కలుసుకునే క్షణం ఒకటే ఉంది: సింక్రనైజ్. ఆ కాసేపు గూయీ థ్రెడ్‌ను నిలిపేస్తారు. కావలసిన విలువలను అప్పుడే నకలు తీసుకోవాలి. నేను బద్ధకించి, గీసే ఫంక్షన్ నుంచి నేరుగా క్యూఎంఎల్ వస్తువు లక్షణాలను చదివాను. నెలల తరబడి ఏ ఇబ్బందీ లేదు. ఎప్పుడైనా కిటికీ మూస్తే మాత్రం, ఇరవైసార్లకు ఒకసారి, ప్రోగ్రాము కుప్పకూలేది. మూసేటప్పుడు వస్తువు ముందు పోయేది, రెండర్ థ్రెడ్ దాని శవాన్ని చదివేది. నకలు తీసుకోవడం మొదలుపెట్టాక ఆ కూలడం మళ్లీ చూడలేదు.

ఇంకోటి నవ్వు తెప్పించేది. నా గ్రాఫు డెప్త్ టెస్టును (వెనక ఉన్నవాటిని దాచే పరీక్షను) ఆన్ చేసి, పని అయ్యాక ఆఫ్ చేయకుండా వచ్చేసేది. ఫలితం: గ్రాఫు భేషుగ్గా ఉంది, చుట్టూ ఉన్న బటన్లలో సగం కనబడవు. రెండు రోజులు క్యూఎంఎల్ లేఅవుట్ సరిచేస్తూ కూర్చున్నాను. ఓపెన్‌జీఎల్‌లో స్టేట్ అందరిదీ. అతిథిగా వెళ్లినవాడు దీపాలు ఆర్పి రావాలి. మెటల్‌లో ఈ బాధ తక్కువ, ఎన్‌కోడర్ (గీసే ఆదేశాలు రాసేది) ఎవరిది వారిదే.

క్యూట్ 6లో ఈ దారిన వెళ్లేవారు ఎవరైనా ఇది చదివితే: క్యూక్విక్‌ఫ్రేమ్‌బఫర్‌ఆబ్జెక్ట్ ఓపెన్‌జీఎల్‌తో మాత్రమే పనిచేస్తుంది. 6.7 నుంచి క్యూక్విక్‌ఆర్‌హెచ్‌ఐఐటెమ్ ఉంది, వల్కన్, మెటల్, డైరెక్ట్‌త్రీడీ ఏదైనా సరే. కొత్తగా రాసేవారు దానితోనే మొదలుపెట్టండి.

సాలెగూడు

వెబ్‌లోనూ ఇదే. రియాక్ట్‌లో (వెబ్ తెరలు కట్టే సాధనంలో) వెబ్‌జీఎల్ (బ్రౌజర్‌లో జీపీయూతో గీయించేది) రెండరర్‌ను యూజ్‌రెఫ్‌లో (మళ్లీ గీసినా నిలిచే చోట) పెట్టి, రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్‌తో నడిపించి, యూజ్‌ఎఫెక్ట్ శుభ్రపరిచే ఫంక్షన్‌లో చంపేయాలి. చంపడం మరిచిపోతే కాంటెక్స్టులు (ఒక్కో రెండరర్ పట్టుకున్న జీపీయూ వాటాలు) పోగుపడతాయి, హద్దు దాటాక బ్రౌజరే పాతదాన్ని లాగేసుకుంటుంది. రియాక్ట్ 18 స్ట్రిక్ట్‌మోడ్ డెవలప్‌మెంట్‌లో ప్రతి ఎఫెక్ట్‌నూ రెండుసార్లు నడపడం చాలామందికి చిరాకు. నాకు మాత్రం ఈ తప్పును పట్టిచ్చింది అదే.

తరంగరేఖ

రెండు రాత్రులు కూర్చున్నాను. రెండరర్ కోఆర్డినేటర్‌లోకి వెళ్లింది, వరసలు క్యూలోకి వెళ్లాయి, ఇఫ్ పోయింది. ఇప్పుడు పది సెకన్లు ఏదీ ముట్టుకోకుండా ఉంటే బాడీ ఒక్కసారి కూడా నడవడం లేదు. బొమ్మ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు జరుగుతూనే ఉంది. ఆ ఖాళీ కన్సోల్ వంక ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో చెబితే నవ్వుతారు.

రంగులు మాత్రం ఇంకా వెలిసే ఉన్నాయి. ఎంటీకేవ్యూ కలర్ పిక్సెల్ ఫార్మాట్ చివర ఎస్ఆర్‌జీబీ అని ఉన్నది ఎంచుకున్నాను, అదే మంచిదని ఎక్కడో విన్నాను.

చుక్కచుక్క

అది మంచిదే, పట్టీ కూడా అదే భాష మాట్లాడితే. ఎస్ఆర్‌జీబీ లక్ష్యంలోకి రాసేటప్పుడు షేడర్ ఇచ్చిన సంఖ్యను లీనియర్ (అసలు వెలుతురుకు అనుపాతంలో ఉన్నది) అనుకుని హార్డ్‌వేర్ ఎన్‌కోడ్ చేస్తుంది, అంటే తెరకు తగ్గ సంఖ్యగా మారుస్తుంది. మీ 256 రంగులు ఏ పట్టికలోంచో తెచ్చి ఉంటారు, అవి అప్పటికే ఎన్‌కోడ్ అయినవి. రెండోసారి ఎన్‌కోడ్ అయితే 128 కాస్తా 188 అవుతుంది. ముదురు రంగులకు దెబ్బ ఎక్కువ, అందుకే వెలిసినట్టు కనబడుతోంది. పట్టీ టెక్స్చర్‌ను కూడా ఎస్ఆర్‌జీబీ ఫార్మాట్‌లో తయారుచేయండి, చదివేటప్పుడు హార్డ్‌వేరే విప్పుతుంది. తీవ్రతల టెక్స్చర్ జోలికి వెళ్లకండి. అవి రంగులు కావు, కొలతలు.

తరంగరేఖ

ఒక్క పదం మార్చాను, రంగులు ముదిరాయి. వారం రోజులుగా పట్టీలో సంఖ్యలను చేత్తో తగ్గిస్తూ కూర్చున్నానని ఇక్కడ ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

చివరిది ఒకటి మిగిలింది. రెండు వేళ్లతో జూమ్ చేస్తుంటే బొమ్మ ముందు కదులుతుంది, కాన్వాస్‌లో గీసిన అడ్డగీతలు వెనక వస్తాయి. ఒక ఫ్రేము తేడా కాబోలు. వేలు ఆపితే రెండూ సరిగ్గా కూర్చుంటాయి. కానీ 1000 హెర్ట్జ్ గీత 1000 హెర్ట్జ్ స్వరం మీద నుంచి జారుతుంటే నాకు పళ్లు గిట్టకరుస్తున్నాయి.

చుక్కచుక్క

ఇది అతుకు దగ్గర ఉండే సహజమైన బాధ. స్విఫ్ట్‌యూఐ గీసినవి కోర్ యానిమేషన్ ట్రాన్సాక్షన్‌తో (తెర మార్పులను ఒక మూటగా పంపే పద్ధతితో) తెరకు వెళ్తాయి; మెటల్ డ్రాయబుల్ దానితో సంబంధం లేకుండా తన దారిన వెళ్తుంది. రెండు బళ్లు, ఒకే ఊరు, వేర్వేరు వేళలు.

కలపడానికి దారి ఉంది. ప్రెజెంట్స్‌విత్‌ట్రాన్సాక్షన్‌ను ట్రూ చేయాలి. అప్పుడు కమాండ్ బఫర్‌తో ప్రెజెంట్ చేయించకూడదు: ముందు కమిట్, తర్వాత వెయిట్‌అన్‌టిల్‌షెడ్యూల్డ్, ఆ తర్వాత డ్రాయబుల్‌నే ప్రెజెంట్ చేయమనడం. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో పోతాయి. ఖరీదు ఏమిటంటే ఆ ఎదురుచూపు మెయిన్ థ్రెడ్ మీదే. జూమ్ జరుగుతున్నంతసేపే ఆన్ చేసి, వేలు తీశాక ఆఫ్ చేసేవారున్నారు. పనిచేస్తుంది గాని ఆ మారే క్షణాలను సరిగ్గా పట్టుకోవడం ఓపిక పని.

మీ చోట నేనుంటే ఇంకా తేలిక పని చేస్తాను. ఇంతకుముందు గీతలు, అంకెలు రెండూ కాన్వాస్‌లో అన్నాను. అందులో సగం వెనక్కి తీసుకుంటున్నాను. గీతలను షేడర్‌లోకి తెచ్చేయండి, బొమ్మతో కలిసే కదులుతాయి. అంకెలు మాత్రమే స్విఫ్ట్‌యూఐలో ఉంచండి. గీత గీతకు తప్పితే కన్ను పట్టేస్తుంది. గీత పక్కన అంకె ఒక ఫ్రేము ఆలస్యమైతే పట్టుకోలేదు.

తెరవెనుక

నా గ్రాఫులోనూ చివరికి ఇదే చేశాను. గీతలు లోపల, అక్షరాలు బయట.

తరంగరేఖ

గీతలు షేడర్‌లోకి వెళ్లాయి, పన్నెండు వరసల కోడు. అంకెలు వెనకబడుతున్నాయేమోనని తెరను రికార్డు చేసి నెమ్మదిగా నడిపి చూశాను. వెనకబడుతున్నాయి. మామూలుగా చూస్తే తెలియడం లేదు, నాకు కూడా.

గీతలు వచ్చాక ఇంకొకటి బయటపడింది: ఎడమ అంచున సన్నని పోగులాంటి మెరుపు. ఇది నేనే కనిపెట్టాను. టెక్స్చర్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి అన్నిటికంటే పాత వరస పక్కనే అన్నిటికంటే కొత్త వరస ఉంటుంది. షేడర్ పక్క గడులను కలిపి సగటు తీసేటప్పుడు ఆ రెండూ కలిసిపోతున్నాయి. 1024లో 1000 వరసలే చూపించి, మిగిలిన 24ను ఖాళీ జాగాగా వదిలేశాను. మెరుపు పోయింది. జీపీయూ చదువుతున్న వరస మీదే నేను రాసేస్తానేమో అన్న భయం కూడా దానితో తీరింది: మూడు ఫ్రేములు దారిలో ఉన్నా ఐదు వరసలకు మించి జరగదు.

కోడు మొత్తం శుభ్రం చేసి, గ్లోబల్ చరరాశిని చెరిపేశాను. దాని మీద "ఇది తీయవద్దు, ఎందుకో తెలియదు" అని నేనే రాసుకున్న వ్యాఖ్య ఉంది. దాన్నీ చెరిపేశాను.